88వ కీర్తనతో ప్రార్థించడం నేర్చుకున్నాను

నాకు కీళ్లవాతం ఉందని తేలడానికి చాలాకాలం ముందే మా విచారణలో, అంటే మా గుడికి చెందిన కతోలిక సంఘంలో, దివ్యగ్రంథ పఠన బృందం మొదలైంది, నేను అందులో చేరాను. ఈ వరుసకు నా జీవితంలో ఎంతో ప్రాముఖ్యం ఉంది. జబ్బు చేసిన తర్వాత బైబిలు తెరిచేవారు చాలామంది ఉంటారు, వారి విశ్వాసాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయను. నా విషయంలో మాత్రం ముందు చదువు వచ్చింది, ఆ చదువులో నుండి ప్రార్థన పుట్టింది, ఆ రెండూ కుదురుకుంటున్న సమయంలో వేదన వచ్చి పడింది. అది వచ్చాక చదివిన వాక్యాలకూ, చేసే ప్రార్థనకూ మరింత లోతు ఏర్పడింది. ఆ మార్పు ఎలా జరిగిందో, అందులో శ్రీసభ (కతోలిక సంఘం) బోధన ఎక్కడెక్కడ నాకు దారి చూపిందో వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

బృందంలో చేరేనాటికి నాకు ప్రార్థన కొత్త కాదు. ఇంట్లో జపమాల చెప్పుకునేవాళ్లం, ఆదివారం దివ్యపూజాబలికి తప్పకుండా వెళ్లేవాళ్లం. పూజలో వినే పఠనాలు కూడా తక్కువేమీ కాదు. ప్రపంచంలోని కతోలిక పీఠాధిపతులు సమావేశమైన ద్వితీయ వాటికన్ మహాసభ తర్వాత 1969లో వెలువడిన పఠనాల క్రమం ప్రకారం ఆదివారాల సువిశేష పఠనాలు మూడేళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. ఒక ఏడాది మత్తయి, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా సువిశేషం ప్రధానంగా వినిపిస్తుంది, యోహాను సువిశేషం ఎక్కువగా ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలోనూ, ఈస్టరుతో మొదలయ్యే పాస్కా కాలంలోనూ చదువుతారు. శ్రద్ధగా పూజకు వెళ్లే విశ్వాసి తెలియకుండానే సువిశేషాలలో చాలా భాగం విని ఉంటాడు. అయితే విన్న భాగానికి ముందేముంది, తర్వాతేముంది, ఆ ఆదివారం దానికి జతగా పాత నిబంధన నుండి ఆ పఠనాన్నే ఎందుకు ఎంచుకున్నారు అన్నది కూర్చుని చదివితే తప్ప తెలిసేది కాదు.

బృందాన్ని నడిపించిన ఫాదర్ గారు మొదటి సమావేశంలోనే ఒక పద్ధతి పెట్టారు. ఎవరికి ఏమనిపించిందో చెప్పుకునే ముందు, రాసినవాడు ఏం చెప్పదలచుకున్నాడో చూడాలి. అది చరిత్రా, కవిత్వమా, ఉపమానమా, ప్రవచనమా అన్నది గుర్తించాలి. ఇది ఆయన సొంతంగా కల్పించిన నియమం కాదు. 1965 నవంబరు 18న ఆరవ పౌలు పోపు గారు ప్రకటించిన ‘దేయీ వెర్బుం’ అనే, దైవవాక్కు గురించిన ఆ వాటికన్ మహాసభ పత్రం 12వ పేరాలో ఉన్న బోధనే. ఆ పేరాలోనే మరో మూడు విషయాలు కూడా ఉన్నాయి. ఏ వాక్యాన్నైనా గ్రంథమంతటి ఐక్యతలో చదవాలి, శ్రీసభ సజీవ సంప్రదాయంలో చదవాలి, విశ్వాస సత్యాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో గమనిస్తూ చదవాలి. అప్పట్లో ఇవి పండితులకు సంబంధించిన విషయాలని అనిపించేవి. మంచాన పడి, ఒక్క వాక్యం పట్టుకుని నా మీదికి వచ్చినవారికి మనసులోనే సమాధానం చెప్పుకోవలసి వచ్చినప్పుడు, ఆ మూడు సూత్రాలే నన్ను నిలబెట్టాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మేము మార్కు సువిశేషంతో మొదలుపెట్టి, ఆ తర్వాత పాత నిబంధనలోకి వెళ్లాం. మన దివ్యగ్రంథంలో 73 గ్రంథాలు ఉన్నాయి, పాత నిబంధనలో 46, నూతన నిబంధనలో 27. తోబితు, యూదితు, మక్కబీయుల రెండు గ్రంథాలు, సొలొమోను జ్ఞానగ్రంథం, సీరా, బారూకు అనే ఏడింటిని 1546లో త్రెంతు మహాసభ తక్కినవాటితో సమానంగా ప్రామాణికమని స్పష్టంగా ప్రకటించింది. కతోలికులలోనే చాలామంది ఈ ఏడింటిని తెరవరు, ఇది నాకు బాధ కలిగించే విషయం. సీరా గ్రంథం 2వ అధ్యాయం, ప్రభువును సేవించడానికి వచ్చేవాడు పరీక్షకు సిద్ధపడాలని, బంగారాన్ని నిప్పులో పరీక్షించినట్లే దేవునికి ఇష్టులైనవారు బాధల కొలిమిలో పరీక్షింపబడతారని చెబుతుంది. ఆ అధ్యాయం చదివిన రోజు నాకు ఒంట్లో ఏ నొప్పీ లేదు. వాక్యం కింద గీత గీసి, అందంగా ఉందని పక్కన రాసుకున్నాను.

చదువు ప్రార్థనగా మారడానికి సన్యాసాశ్రమాల నుండి వచ్చిన ‘లెక్తియో దివీనా’ అనే ప్రాచీన పద్ధతి తోడ్పడింది. 12వ శతాబ్దంలో కర్తూసియన్ మఠవాసి రెండవ గీగో దీన్ని పఠనం, ధ్యానం, ప్రార్థన, దైవదర్శన ధ్యానం అనే నాలుగు మెట్లుగా వివరించాడు. నేను చేసే తీరు ఇది. మరుసటి రోజు పూజలో వచ్చే సువిశేష భాగాన్ని రాత్రే ఒకసారి చదువుకుంటాను. తెల్లవారుజామున లేచి అదే భాగాన్ని పెదవులు కదిలేలా నెమ్మదిగా చదువుతాను. ఎక్కడ మనసు ఆగితే అక్కడ నేనూ ఆగుతాను. మార్కు 10వ అధ్యాయంలో గ్రుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తుంటే చుట్టూ ఉన్నవారు నోరు మూసుకోమంటారు, వాడు ఇంకా గట్టిగా అరుస్తాడు, యేసు ఆగిపోతాడు. ‘యేసు ఆగెను’ అన్న ఆ చిన్న మాట దగ్గర నేను చాలా రోజులు ఉండిపోయాను. యెరూషలేముకు, తన శ్రమల వైపుకు నడుస్తున్నవాడు ఒక బిచ్చగాడి కేక విని ఆగాడు. ఆగి, నీకు నేనేమి చేయాలని అడిగాడు. ఆ ప్రశ్న నన్నే అడిగినట్లు భావించి జవాబు చెప్పడమే మూడో మెట్టు. నాలుగో మెట్టు నా చేతిలో లేదు. కొన్నిసార్లు మాటలు వాటంతటవే తగ్గి, ఆయన ఎదుట ఊరికే ఉండిపోవడం జరుగుతుంది, చాలాసార్లు జరగదు. ఇచ్చేది ఆయన, అందుకే దాని కోసం పట్టుబట్టకూడదని ఫాదర్ గారు చెప్పిన మాట నాకు ఎంతో ఊరటనిచ్చింది.

తర్వాత జబ్బు మొదలైంది. మొదట వేళ్ల కణుపులు, తర్వాత మణికట్లు, మడమలు. పొద్దున లేవగానే చేతులు బిగుసుకుపోయి గంటకు పైగా పిడికిలి పట్టడం కుదిరేది కాదు. రక్త పరీక్షల తర్వాత ఇది శరీరపు రక్షణ వ్యవస్థే తన కీళ్ల మీద దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతమని, అదుపులో పెట్టగలమే గాని పూర్తిగా పోయేది కాదని వైద్యులు చెప్పారు. వారానికి ఒకసారి వేసుకునే మెతొట్రెక్సేట్ మాత్రలు మొదలుపెట్టారు. వేసుకున్న మరునాడంతా వికారం, నీరసం. నేను ప్రార్థనకు కేటాయించుకున్న తెల్లవారుజాము సమయమే నా శరీరానికి అన్నిటికంటే కష్టమైన సమయం అయింది. దివ్యగ్రంథం పలుచని కాగితాన్ని బొటనవేలితో తిప్పలేక, అరచేతి పక్కభాగంతో తోస్తే ఒకేసారి పది పేజీలు కదిలేవి, కావలసిన చోటికి మళ్లీ వెనక్కి రావలసి వచ్చేది. జపమాల పూసలను వేళ్ల మధ్య పట్టుకోలేక దాన్ని మణికట్టుకు చుట్టుకుని, ఒక్కొక్క పూసను మరో చేతి వెనకభాగంతో జరుపుకునేవాణ్ణి. మంగళవారాల్లో, శుక్రవారాల్లో దుఃఖ దేవరహస్యాలు చెప్పుకుంటూ, ప్రభువు చేతుల్లోకి మేకులు దిగిన ఘట్టానికి వచ్చినప్పుడు నా చేతులవైపు చూసుకోకుండా ఉండలేకపోయేవాణ్ణి.

శరీరానికంటే పెద్ద కష్టం ప్రార్థనకు వచ్చింది. అప్పటిదాకా లెక్తియో దివీనాలో దొరికిన తీపి పూర్తిగా పోయింది. బర్తిమయి భాగం చదివితే ఆయన నా దగ్గర ఎందుకు ఆగలేదన్న ప్రశ్న ఒక్కటే మిగిలేది. స్తుతి కీర్తనలు నోటికి వచ్చేవి కావు, వచ్చినా అబద్ధం చెబుతున్నట్లుండేది. ఈ సంగతి ఫాదర్ గారితో చెప్పుకుంటే, ఓదార్పు మాటలేవీ చెప్పకుండా, ఆయన తాను రోజూ వేళ ప్రకారం చెప్పే దైవార్చన గడియల ప్రార్థన పుస్తకం తెచ్చి, శుక్రవారం నిద్రకు ముందు చెప్పే ప్రార్థన తెరిచి చూపించారు. అక్కడ ఉన్నది 88వ కీర్తన. గురువులు, మఠవాసులు ప్రతి శుక్రవారం రాత్రి ఆ కీర్తన చెప్పి నిద్రపోతారు. ఇంచుమించు ప్రతి విలాప కీర్తనా చివరికి నమ్మకం వైపుకో స్తుతి వైపుకో తిరుగుతుంది, ఇది తిరగదు. చీకటే నా నేస్తమన్నట్లుగా చీకటిలోనే ముగుస్తుంది. అటువంటి కీర్తనను శ్రీసభ దాచలేదు, తీసివేయలేదు, క్రీస్తు మరణించిన రోజుకు గుర్తుగా ప్రతి శుక్రవారం తన బిడ్డల నోట పెట్టింది. సామాన్య విశ్వాసులు కూడా ఈ గడియల ప్రార్థన చెప్పుకోవాలని ద్వితీయ వాటికన్ మహాసభ ప్రోత్సహించిందని కూడా ఆయన చెప్పారు. ఆ రాత్రి నుండి నేను దాన్ని మొదలుపెట్టాను.

ఆ కీర్తనను బృందంలో నేర్చుకున్న పద్ధతిలోనే నెమ్మదిగా చదివాను. కీర్తనకారుడు తనను దూరం పెట్టింది దేవుడేనని ఆయన ముఖం మీదే అంటాడు, స్నేహితులను తననుండి తీసివేసింది నీవే అంటాడు. అయినా అతని మొదటి మాట ‘నన్ను రక్షించు దేవా’ అన్న పిలుపు. ఫిర్యాదంతా ఆ పిలుపు కిందే సాగుతుంది. ఇంకొక వాక్యం నన్ను కదిలించింది, వేకువనే నా ప్రార్థన నీ ఎదుటికి వస్తుందని అతడు అంటాడు. నా వేకువ ఏమిటో నాకు తెలుసు, చేతులు బిగుసుకున్న వేకువ. ఆ వేకువలో చెప్పగల ప్రార్థన ఒకటి నాకంటే ఎంతో ముందే రాసి ఉంది. అప్పటి నుండి నాకు వచ్చే ప్రార్థన ఎలా ఉండాలన్న ఆందోళన తగ్గింది. నాకు మాటలు లేనప్పుడు ఎవరి మాటలు తీసుకోవాలో తెలిసింది. పవిత్రాత్మ మాటలకందని మూలుగులతో మన కోసం విజ్ఞాపన చేస్తాడని రోమీయులకు రాసిన లేఖ 8వ అధ్యాయం చెప్పిన సంగతి, కణుపులు నొప్పిపెడుతూ నిజంగానే మూలుగుతున్నప్పుడు నాకు సిద్ధాంతంగా అనిపించలేదు.

యోబు గ్రంథం దగ్గర బృందం చాలాకాలం ఆగింది, అందుకు నేనే కారణమని అనుకుంటాను, ఎందుకంటే వదలకుండా అడిగింది నేనే. 42 అధ్యాయాల ఆ గ్రంథంలో మనకు కథగా తెలిసిన భాగం మొదటి రెండు అధ్యాయాలు, చివరి అధ్యాయం మాత్రమే. నడుమ ఉన్నదంతా కవిత్వం, వాదం, కోపం. స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చుంటారు. గ్రంథం మొత్తంలో వారు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాక, నీ పాపానికే ఈ బాధ అన్న ఒక్క మాటనే రకరకాలుగా తిప్పి చెబుతారు. వారు చెప్పేవాటిలో చాలా వాక్యాలు వినడానికి భక్తిగా ఉంటాయి, గోడకు తగిలించుకోదగినంత చక్కగా కూడా ఉంటాయి. యోబు మాటలు మాత్రం కొన్నిచోట్ల వినడానికే భయం వేస్తాయి. చివరికి 42వ అధ్యాయం 7వ వచనంలో దేవుడు ఆ స్నేహితుల మీద కోపగించి, నా సేవకుడు యోబు మాట్లాడినట్లు మీరు నన్ను గురించి సరిగా మాట్లాడలేదని అంటాడు. గ్రంథమంతటినీ ఐక్యంగా చదవాలన్న నియమం ఎందుకు అవసరమో నాకు అక్కడ పూర్తిగా తెలిసింది. స్నేహితుల ప్రసంగాల నుండి ఒక ముక్క విడదీసి ఎవరైనా రోగికి చెబితే, దేవుడే కాదన్న మాటను దేవుని మాటగా చెప్పినట్లవుతుంది.

పఠనాల క్రమంలో ఉన్న వివేకం కూడా అప్పుడే కనబడింది. మార్కు సువిశేషం చదివే ఏడాదిలో, పెద్ద పండుగ కాలాలు కాని సామాన్యకాలంలో ఐదవ ఆదివారం, యోబు 7వ అధ్యాయం నుండి ఒక భాగం వస్తుంది. పడుకుంటే ఎప్పుడు తెల్లవారుతుందా అని, రాత్రంతా దొర్లుతూనే ఉంటానని అతడు మొరపెట్టుకుంటాడు. అదే పూజలో సువిశేషం మార్కు 1వ అధ్యాయం, యేసు సీమోను అత్త చేయి పట్టుకుని లేపే ఘట్టం. యోబు మొరకు జవాబు చెప్పినట్లుగా ఏ వాక్యమూ లేదు, ఒక చేయి చాచి ఉంది. ఇంకా గమనిస్తే, ఆ తర్వాత యేసు వేకువనే లేచి ఒంటరిగా ప్రార్థనకు వెళ్లాడని ఆ భాగంలోనే ఉంది.

బాధలో ఉన్నవారికి వచ్చిపోయేవారి మాటలు కూడా ఒక పరీక్షే. విశ్వాసం తగినంత ఉంటే ఈపాటికి స్వస్థత వచ్చి ఉండేదని ఒకరు అన్నారు. మందులు మాని ప్రార్థన మీదే ఆధారపడమని మరొకరు, ప్రేమతోనే, చెప్పారు. వారిని నిందించాలని రాయడం లేదు. వారికి నోటితో జవాబు చెప్పే ఓపిక అప్పట్లో లేకపోయింది, చదివిన చదువే లోపల జవాబు చెప్పింది. పుట్టుగ్రుడ్డివాని విషయంలో వీడి పాపమా, తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు అడిగితే, రెండూ కావని ప్రభువు అన్న మాట యోహాను 9వ అధ్యాయంలో ఉంది. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది తక్కినవారికంటే ఎక్కువ పాపులు కారని ఆయనే లూకా 13వ అధ్యాయంలో అన్నాడు. పౌలు తన శరీరంలోని ముల్లును తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది తీయబడలేదు, నా కృప నీకు చాలునన్న మాట మాత్రం దొరికింది. పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరంటారు? మందుల విషయానికి వస్తే, సీరా గ్రంథం 38వ అధ్యాయం సూటిగానే చెబుతుంది. వైద్యుణ్ణి గౌరవించు, అతణ్ణి కూడా దేవుడే సృష్టించాడు, భూమిలో నుండి మందులను పుట్టించింది ప్రభువే, వివేకి వాటిని తృణీకరించడు, జబ్బు చేసినప్పుడు దేవునికి ప్రార్థన చేయి, వైద్యునికి కూడా చోటివ్వు అంటుంది. నేను వారం వారం మాత్ర వేసుకునే ముందు సిలువ గుర్తు వేసుకోవడం ఆ అధ్యాయం చదివిన తర్వాతే మొదలైంది.

ప్రార్థన ఎండిపోయిన కాలంలో ఏం చేయాలన్న దానికి పునీత లొయోలా ఇగ్నేషియస్ చెప్పిన నియమం నాకు ఎంతో ఉపయోగపడింది. 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, నెలల తరబడి మంచం మీద ఉండగా, తన మనసులో వచ్చే ఆలోచనలలో కొన్ని తర్వాత శాంతిని, కొన్ని తర్వాత శూన్యాన్ని మిగులుస్తున్నాయని ఆయన గమనించాడు. ఆత్మల వివేచన గురించిన ఆయన బోధన అంతా ఆ మంచం మీదే మొలకెత్తింది. ఆంతరంగిక వేదన కమ్ముకున్న వేళ, అంతకుముందు వెలుగులో ఉండగా తీసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదని ఆయన నియమం. దాన్నిబట్టి నేను ప్రార్థన సమయాన్ని తగ్గించలేదు. తీపి లేదు కాబట్టి మానేద్దామన్న ఆలోచన వచ్చినప్పుడల్లా, ఇది నిర్ణయాలు మార్చే సమయం కాదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. కూర్చోలేని రోజు పడుకునే చెప్పుకున్నాను, చదవలేని రోజు కంఠస్థమైన ఒక్క వచనంతో గడిపాను.

ఫ్రాన్సులోని లిసియు మఠంలో సన్యాసినిగా జీవించిన తెరేజమ్మ గారి చివరి నెలల సంగతి కూడా ఆ కాలంలోనే తెలుసుకున్నాను. పువ్వుల మధ్య నవ్వుతూ కనిపించే ఆమె చిత్రం అందరికీ తెలుసు. 1896 పాస్కా కాలం నుండి 1897 సెప్టెంబరు 30న, 24 ఏళ్ల వయసులో క్షయతో మరణించేవరకు ఆమె విశ్వాసాన్ని దట్టమైన చీకటి కమ్మి ఉందని, పరలోకమనేదే లేదేమోనన్న శోధనతో ఆమె పోరాడిందని చాలామందికి తెలియదు. అవిశ్వాసుల బల్ల దగ్గర వారితోపాటు కూర్చుని, వారి కోసం ఆ చీకటిని భరించడానికి ఆమె సిద్ధపడింది. ఆమెను 1997లో శ్రీసభ పండితురాలిగా, అంటే శ్రీసభ అంతటికీ విశ్వాస బోధకురాలిగా, ప్రకటించారు. చీకటి విశ్వాసం లేకపోవడానికి రుజువు కాదని నాకు ఆమె వల్ల ధైర్యం కలిగింది.

కొంతకాలానికి జబ్బు మెడ వెన్నుపూసల దాకా వెళ్లింది, శస్త్రచికిత్స తప్పదన్నారు, అందులో ప్రమాదం ఉందని కూడా చెప్పారు. అప్పుడు ఫాదర్ గారు, రోగికి తైలం పూసి ప్రార్థించే వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అనే సంస్కారం స్వీకరించమన్నారు. ఇంట్లోవారు భయపడ్డారు, ఎందుకంటే ఆ సంస్కారం చివరి ఘడియలో ఇచ్చేదని వారి మనసులో ఉంది. శ్రీసభ బోధనల గ్రంథమైన కతోలిక సత్యోపదేశం 1514, 1515 పేరాలలో ఉన్నది వేరు. మరణ శయ్య మీద ఉన్నవారికి మాత్రమే కాదు, జబ్బు వల్లగానీ వృద్ధాప్యం వల్లగానీ ప్రమాదం మొదలైన విశ్వాసి ఎవరైనా దీన్ని స్వీకరించవచ్చు, పెద్ద శస్త్రచికిత్సకు ముందు స్వీకరించడం తగినది, జబ్బు ముదిరితే మళ్లీ కూడా స్వీకరించవచ్చు. ముందురోజు గురువు ఎదుట నా పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకున్నాను. సంస్కారం నాడు బృందంలోని వారంతా వచ్చారు. యాకోబు లేఖ 5వ అధ్యాయం చదివారు, మీలో ఎవరైనా రోగిగా ఉంటే సంఘ పెద్దలను పిలిపించుకోవాలి, వారు ప్రభువు నామమున తైలం పూసి ప్రార్థించాలి అన్న భాగం. తర్వాత ఫాదర్ గారు ఏమీ మాట్లాడకుండా నా తలమీద రెండు చేతులూ ఉంచారు. ఆ మౌనం చాలాసేపు అనిపించింది. పీఠాధిపతి ఆశీర్వదించిన తైలంతో నుదుటి మీద, ఆ తర్వాత రెండు అరచేతుల మీద పూశారు. నా చేతులు పూర్తిగా విచ్చుకోకపోతే ఆయన బలవంతపెట్టకుండా, మడిచిన వేళ్ల కిందుగా తన బొటనవేలు పోనిచ్చి అరచేతిలో సిలువ గుర్తు గీశారు. ఎన్నాళ్లుగానో వైద్యులు తప్ప అందరూ ముట్టుకోవడానికి జంకిన చేతులవి. పాపాలనుండి విడిపించే ప్రభువు నిన్ను రక్షించి లేవనెత్తునుగాక అన్న ప్రార్థనకు బృందమంతా ఆమెన్ అన్నది.

శస్త్రచికిత్స బాగా జరిగింది, మెడ నిలిచింది. కీళ్లవాతం మాత్రం పోలేదు. ఆ సంస్కారం నాకిచ్చిన వరం ఏమిటని అడిగితే, సత్యోపదేశం 1521వ పేరాలోని మాటనే చెబుతాను, నా బాధ క్రీస్తు శ్రమలతో ఐక్యం చేయబడింది. ఈ ఐక్యం ఏమిటో అర్థం చేసుకోవడానికి, కోలుకుంటున్న నెలల్లో రెండవ జాన్ పాల్ పోపు గారు 1984 ఫిబ్రవరి 11న, లూర్దుమాత స్మరణ దినాన, మానవ వేదన గురించి వెలువరించిన అపోస్తలిక లేఖను నిదానంగా చదివాను. 1981 మేలో తుపాకీ గుండ్లకు గురై చావు అంచు దాకా వెళ్లివచ్చిన మనిషి రాసిన లేఖ అది, ఆ సంగతి తెలిసి చదివితే ప్రతి పేరాకూ బరువు ఉంటుంది. కొలొస్సీయులకు రాసిన లేఖ 1వ అధ్యాయం 24వ వచనంతో అది మొదలవుతుంది. క్రీస్తు శ్రమలలో కొదవగా ఉన్నదాన్ని ఆయన శరీరమైన సంఘం కోసం నా శరీరంలో పూర్తి చేస్తున్నానని పౌలు అంటాడు. ఈ వచనం మొదట నన్ను కలవరపెట్టింది. క్రీస్తు సిలువపై చేసినదానికి కొదవ ఏముంటుంది? పోపు గారు చెప్పేది ఏమిటంటే, రక్షణ కార్యం సంపూర్ణం, దానికి ఎవరూ ఏదీ చేర్చలేరు. అయినా క్రీస్తు దాన్ని మూసివేయలేదు, తన శరీరమైన శ్రీసభలోని ప్రతి సభ్యుని బాధకూ అందులో చోటు తెరిచి ఉంచాడు. ఆ చోటు ప్రేమతో ఇచ్చినది. నా నొప్పికి సొంతంగా రక్షించే శక్తి లేదు, ఆయనదానిలో కలిపినప్పుడు వృథా కాదు. లేఖ చివర మంచి సమరీయుని ఉపమానం వస్తుంది, అంటే బాధను సమర్పించడం ఎంత ముఖ్యమో, బాధలో ఉన్నవాని దగ్గర ఆగి గాయం కట్టడం కూడా అంతే ముఖ్యం. ఈ రెండింటినీ కలిపి చెప్పకుండా సమర్పించుకో, సమర్పించుకో అని రోగికి ఉపదేశించడం నాకు సరిగా అనిపించదు.

ఇప్పుడు నేను రోజూ పొద్దున చేసే మొదటి పని ప్రాతఃకాల సమర్పణ. 1844లో ఫ్రాన్సులో ఒక యేసు సభ (జెస్విట్) గురువు యువ విద్యార్థులతో మొదలుపెట్టిన ప్రార్థనా ప్రేషితత్వం అనే ఉద్యమం నుండి ఇది ప్రపంచమంతటికీ వ్యాపించింది, ప్రతి నెలకూ పోపు గారు ఒక ప్రార్థనాంశం ఇస్తారు. చేతులు ఇంకా బిగుసుకుని ఉండగానే ఈ రోజు పనులు, ప్రార్థనలు, బాధలు అన్నీ యేసు తిరుహృదయానికి అప్పగించి, ఆ నెల అంశంతోపాటు ఒక మనిషి పేరు కూడా చెబుతాను. మనిషి పేరు ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం, లేకపోతే సమర్పణ గాలిలో మాటగా మిగిలిపోతుంది. తర్వాత కీర్తన, ఆ తర్వాత ఆనాటి సువిశేషం. ఇప్పుడు పెద్ద అక్షరాల పుస్తకాన్ని చెక్క ఆనికమీద పెట్టుకుంటున్నాను, పేజీ తిప్పడానికి రబ్బరు తొడుగు వేలికి పెట్టుకుంటే సులభంగా ఉంది. స్తుతి కీర్తనలు మళ్లీ నోటికి వస్తున్నాయి. మునుపటి తీపి కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు, దాన్ని లెక్కపెట్టడం మానేశాను.

పూజకు రాలేని వారాల్లో సత్ప్రసాద సేవకులు ఇంటికే దివ్యసత్ప్రసాదం తెస్తారు. వారితోపాటు బృందంలో ఎవరో ఒకరు వచ్చి, ఆ వారం చదివినదాని గురించి చెప్పి వెళ్తారు. ఈ మధ్య బృందంలో కొత్తగా చేరిన ఒకామె, బిడ్డను పోగొట్టుకున్న తల్లి, అలాగే వచ్చి, అన్నయ్యా, దేవుని మీద కోపంగా ఉన్నప్పుడు ప్రార్థన చేయవచ్చా అని అడిగింది. ఎంతకాలం ప్రభూ, నన్ను ఎప్పటికీ మరచిపోతావా అని మొదలయ్యే 13వ కీర్తనను ఆమెతో కలిసి చదివాను. చిన్న కీర్తన, నెమ్మదిగా చదివాం. ఆమె రెండోసారి ఒంటరిగా చదివింది. యిర్మీయా ప్రవక్త దేవునితో నీవు నన్ను మోసగించితివని వాదించే 20వ అధ్యాయం వచ్చే వారం చదువుదామని ఫాదర్ గారితో చెప్పాను, ఆయన సరేనన్నారు.